తీగలు కలిపిన మోగ్

తెలుగులో మోగడం అంటే శబ్దం చేయడం. చిత్రమేమిటంటే, విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే సింథసైజర్‌కు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఇంజనీరు ఇంటిపేరు కూడా మోగ్.

రాబర్ట్ మోగ్ 1934 మే 23న అమెరికాలోని న్యూయార్క్‌లో జన్మించారు. తండ్రి విద్యుత్ సంస్థలో ఇంజనీరు. తల్లి పట్టుబట్టి పియానో నేర్పించారు. రాబర్ట్‌కు మాత్రం తండ్రి పక్కన కూర్చుని వైర్లకు టంకం వేయడమే ఇష్టం. తాకకుండా, గాలిలో చేతులు కదిపితే పలికే థెరమిన్ అనే వాద్యాన్ని చిన్న వయసులోనే సొంతంగా తయారుచేశారు. చదువుకుంటూనే తండ్రితో కలిసి థెరమిన్ల వ్యాపారం సాగించారు.

1963లో హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతకారుడు ఆయనకు పరిచయమయ్యారు. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి కొత్త యంత్రానికి రూపమిచ్చారు. అది ఒకే పెద్ద యంత్రం కాదు, మాడ్యూళ్లనే విడివిడి భాగాల సముదాయం. ఒక భాగం స్వరం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని వడపోస్తుంది, మరొకటి శబ్దాన్ని పెంచి తగ్గిస్తుంది. వాటిని తీగలతో ఎలా కలిపితే అలాంటి శబ్దం వస్తుంది. ఒక వోల్టు పెంచితే స్వరం 'స' నుంచి పై 'స'కు చేరేలా కొలత పెట్టారు.

తీగ చివర ఏ ప్లగ్గు ఉండాలి? టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి వచ్చిన 6.35 మిల్లీమీటర్ల జాక్‌ను మోగ్ తీసుకున్నారు. అది గట్టిది. శబ్దానికీ, దాన్ని నడిపే వోల్టేజీకీ అదే. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌కు మాత్రం వేరే రకం ప్లగ్గు పెట్టారు.

అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా మరో దారి పట్టారు. శబ్దానికి చిన్న జాక్, వోల్టేజీకి బనానా ప్లగ్గు వాడారు. బనానా ప్లగ్గులను ఒకదానిపై ఒకటి గుచ్చవచ్చు కనుక ఒకే సంకేతాన్ని చాలాచోట్లకు పంపడం తేలిక. కానీ దానిలో ఉండేది ఒక్క తీగే. 1995లో జర్మనీకి చెందిన డాప్ఫర్ సంస్థ తెచ్చిన చిన్న మాడ్యూళ్లకు 3.5 మిల్లీమీటర్ల జాక్ వచ్చింది. చోటు కలిసొస్తుంది కనుక నేడు ఎక్కువగా వాడేది అదే.

ఈ వేర్వేరు పద్ధతుల యంత్రాలను కలపాలంటే, ఎక్కువ మాడ్యూళ్లకు ఏ ప్లగ్గు ఉందో దాన్నే ప్రధానంగా ఉంచుకుని, మిగిలినవాటికి మార్పిడి తీగ వాడటం మేలు. అయితే ప్లగ్గు పట్టినంత మాత్రాన పని కాదు. బనానా తీగతో రెండు పెట్టెలను కలిపేటప్పుడు రెండింటి గ్రౌండ్‌నూ మరో తీగతో కలపాలి. లేకపోతే స్వరం నిలకడగా రాదు. వోల్టేజీ కొలతలు వేరైతే శ్రుతి తప్పుతుంది. పాత మోగ్ ట్రిగ్గర్ తీరు వేరు కనుక దానికి మార్పిడి సర్క్యూట్ కావాలి.

మోగ్ యంత్రం మన దేశానికీ వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పారు.

పేరు వచ్చినా మోగ్‌కు డబ్బు నిలవలేదు. సంస్థ ఇతరుల చేతికి వెళ్లింది. 1977లో ఆయన దాన్ని వదిలి, మరో చిన్న సంస్థ పెట్టుకుని మళ్లీ థెరమిన్లు చేశారు. తన పేరును వ్యాపారానికి వాడుకునే హక్కు 2002లో గాని తిరిగి దక్కలేదు. 2005 ఆగస్టు 21న మెదడులో కణితి వల్ల మరణించారు.

పిల్లలూ, గ్రౌండ్ అంటే నేల. మన తరగతిలో ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఒక్కో భాష. బదిలీ మీద కొత్తగా వచ్చినవారి మాట అందకపోతే, ముందు ఇద్దరికీ తెలిసిన ఒక ఆటో, ఒక పాటో వెతకండి. ఆ నేల కలిస్తే మిగతా తీగలు కలపడం కష్టం కాదు.