కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ (జూన్ 6, 1850 - ఏప్రిల్ 20, 1918) జర్మనీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త. పాత టెలివిజన్లకు, కంప్యూటర్లకు, ఆర్కేడ్ ఆటల యంత్రాలకు తెరగా పనిచేసిన కాథోడ్ కిరణ నాళాన్ని రూపొందించినది ఈయనే.

బ్రౌన్ ఫుల్డా పట్టణంలో జన్మించాడు. 1872లో బెర్లిన్‌లో డాక్టరేటు పొందాడు. 1874లో లీప్‌జిగ్‌లో బడిపంతులుగా ఉన్న రోజులలోనే, కొన్ని లోహ సల్ఫైడు స్ఫటికాలు విద్యుత్తును ఒక దిశలో సులువుగానూ, ఎదురు దిశలో కష్టంగానూ పోనిస్తాయని కనుగొన్నాడు.

==బ్రౌన్ నాళం==
వేగంగా మారే విద్యుత్ ప్రవాహాన్ని కంటికి కనిపించేలా చేయాలన్నది బ్రౌన్ ఉద్దేశం. బొమ్మలు చూపడం కాదు. 1897లో స్ట్రాస్‌బర్గ్‌లో ఈయన గాజు నాళంలోని కిరణపుంజాన్ని తీగచుట్టతో వంచి, ప్రకాశించే తెరపై చుక్కను నిలువుగా కదిలించాడు. అడ్డంగా పరచడానికి తిరిగే అద్దం వాడవలసి వచ్చింది. ఆ అద్దం అవసరాన్ని సహాయకుడు జెన్నెక్ తొలగించాడు. ఆర్కేడ్ మానిటర్లలో బొమ్మ వంకరను, రంగుల పొందికను సరిచేసే పనివారు సర్దేది నాళం మెడపై ఉన్న తీగచుట్టనూ, అయస్కాంత వలయాలనూ. వాటికి మూలం ఈ ప్రయోగమే. జపానులో దీనిని బ్రౌన్ నాళమనే వ్యవహరిస్తారు.

ఈ నాళానికి బ్రౌన్ పేటెంటు తీసుకోలేదు. అయినా 1909లో నోబెల్ బహుమతి (మార్కోనీతో కలిసి) వచ్చినది దీనికి కాదు, నిస్తంత్రీ వార్తాప్రసారంలో చేసిన కృషికి.

==చివరి రోజులు==
నిస్తంత్రీ పేటెంటు దావాలో సాక్ష్యం చెప్పడానికి 1914లో బ్రౌన్ అమెరికా వెళ్ళాడు. అప్పటికే ఐరోపాలో యుద్ధం సాగుతున్నది. 1917లో అమెరికా జర్మనీపై యుద్ధం ప్రకటించడంతో తిరుగు ప్రయాణానికి దారి మూసుకుపోయింది. యుద్ధం ముగియకముందే, బ్రూక్లిన్‌లో మరణించాడు.