మంగూరామ్: కాలిఫోర్నియా తోటల నుంచి ఆద్ ధర్మ్ దాకా

దేశం దాటితే కులం వదులుతుందా? అప్పులు చేసి విదేశాలకు వెళ్తున్న మన దళిత విద్యార్థుల ముందున్న ప్రశ్న ఇది. వందేళ్ల కిందటే దీన్ని ఎదుర్కొన్నవారు బాబూ మంగూరామ్ ముగోవాలియా.

ఆయన 1886లో పంజాబ్‌లోని హోషియార్‌పూర్ జిల్లా ముగోవాల్‌లో చమార్ కుటుంబంలో పుట్టారు. తండ్రి తోలు వ్యాపారి. ఇంగ్లీషులో వచ్చే ఆర్డర్లు చదివించుకోవాలంటే పై కులాలవాళ్లకు వెట్టి చేయాల్సి వచ్చేది. అందుకే కొడుకును బడిలో వేశారు. బడిలో ఆ పిల్లవాడు తరగతి గది బయట కూర్చునే పాఠాలు విన్నాడు.

చదువుకున్నా తోలు పని దాటే దారి లేదు. 1900 నాటి పంజాబ్ భూమి బదలాయింపు చట్టం ప్రకారం వ్యవసాయ కులాల జాబితాలో ఉన్నవారి భూమిని బయటివారు కొనకూడదు. ఆ జాబితాలో దళితులు లేరు. చేతిలో డబ్బున్నా రైతు కాలేరన్నమాట.

1909లో మంగూరామ్ అమెరికా వెళ్లారు. కాలిఫోర్నియాలో పండ్ల తోటల్లో, చక్కెర మిల్లులో కూలి చేశారు. అక్కడి పంజాబీలకు దొరికినవి ఎక్కువగా ఇలాంటి పనులే. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకుండా 1913లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసు తీర్పుతో భారతీయులూ దాని కిందికి వచ్చారు. ఇక్కడ కులం మూసిన తలుపును అక్కడ జాతి మూసింది.

అక్కడ ఆయన కూలీగానే ఉన్నారు. కానీ 1913లో మొదలైన గదర్ పార్టీలో చేరాక సాటి మనిషిగా గౌరవం దక్కింది. 1915లో ఆయుధాలు చేరవేసే ప్రయత్నంలో పాల్గొని, తర్వాత చాలా ఏళ్లు ఫిలిప్పీన్స్‌లో గడిపి, 1925లో ఇల్లు చేరారు.

ఊళ్లో అంటరానితనం ఎప్పటిలాగే ఉంది. 1926 జూన్‌లో ముగోవాల్‌లో సభ పెట్టి ఆద్ ధర్మ్ ఉద్యమం ప్రారంభించారు. మనమే ఈ నేల మూలవాసులమన్నది దాని సారం. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ నడిపిన ఆది హిందూ ఉద్యమమూ ఆ మాటే చెప్పింది. 1931 జనాభా లెక్కల్లో 4 లక్షలకు పైగా ప్రజలు ఆద్ ధర్మీలుగా నమోదయ్యారు. మంగూరామ్ 1946లో పంజాబ్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1980లో కన్నుమూశారు.

వలసను జీతంతో మాత్రమే కొలిస్తే ఆయన జీవితం మనకు అర్థం కాదు. ఆయన తెచ్చుకున్నది డాలర్ల కన్నా సంఘటితమయ్యే అనుభవం. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లును గవర్నర్ తిప్పికొట్టారు. ఆయన కూలి చేసిన నేల మీదే మన పోరాటం మిగిలి ఉంది.