పెద్ద కుర్చీ వద్దన్న పిట్టి త్యాగరాయ చెట్టి

పెళ్లి చీరలంటే చాలు, సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు చెన్నై టి.నగర్‌కు బండి కట్టేస్తారు. ఆ టి అక్షరం వెనకున్నది ఒక తెలుగాయనని మాత్రం చాలామందికి తెలీదు. ఆయనే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి.

తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో 1852 ఏప్రిల్ 27న పుట్టారు. నేత, తోళ్ల వ్యాపారం ఉన్న ఇల్లు. ప్రెసిడెన్సీ కాలేజీలో 1876లో బీఏ పాసయ్యారు. ఆ రోజుల్లో ఆ చదువుకు సర్కారు కొలువు వెతుక్కుంటూ వచ్చేది. ఆయన మాత్రం వ్యాపారమే చూసుకుంటూ 1882లో మద్రాసు కార్పొరేషన్‌లో అడుగుపెట్టారు. తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఆ సభను వదల్లేదు.

మొదట్లో కాంగ్రెస్ మనిషే. కార్పొరేషన్‌లో డాక్టర్ టి.ఎం. నాయర్‌తో ఆయనకు అసలు పొసగేది కాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టిన ఘనత డాక్టర్ నటేశ మొదలియార్‌ది. ఆ రాజీ నుంచే 1916 నవంబరులో దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య పుట్టింది. జనం నోట జస్టిస్ పార్టీ అయింది. 1919లో నాయర్ పోయాక భారమంతా చెట్టిగారి మీదే పడింది.

1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది. జస్టిస్ పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చేయమని గవర్నర్ విల్లింగ్‌డన్ పిలిస్తే చెట్టిగారు కాదన్నారు. ఆ పదవి కడలూరు సుబ్బరాయలు రెడ్డియార్‌కు, కొన్ని నెలలకే కాళహస్తి వైపు పానగల్ రాజాకు దక్కింది. చెట్టిగారు శాసనమండలి సభ్యుడిగా ఉంటూనే మనసంతా ఊరి పాలన మీద పెట్టారు. అధికారి కాకుండా కార్పొరేషన్‌కు అధ్యక్షుడైన తొలి వ్యక్తి ఆయనే. అప్పటికింకా మేయర్ పదవి లేదు, అది 1933లో వచ్చింది.

ఆ కుర్చీలో ఆయన చేసిన పనుల్లో ఒకటి ఇప్పటికీ చెప్పుకోదగ్గది. థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడికి పిల్లలు సరిగా వచ్చేవారు కాదు. అంతా పేదింటి బిడ్డలు, కడుపు మాడితే పలక పట్టేదెవరు? మనిషికి రోజుకు అణా మించకుండా టిఫిన్ పెట్టేందుకు 1920 సెప్టెంబరు 16న కౌన్సిల్ ఒప్పుకుంది. తర్వాత మరో నాలుగు బళ్లకూ పాకింది. 1922-23లో 811 మంది ఉన్న ఆ అయిదు బళ్లలో 1924-25 నాటికి 1,671 మంది చేరారు. తమిళనాట కామరాజ్ మధ్యాహ్న భోజనానికి ముప్పై అయిదేళ్ల ముందు మాట ఇది.

ఆయన మీద విమర్శలు లేకపోలేదు. పార్టీని గుప్పిట్లో పెట్టుకున్నారని సొంతవాళ్లే అలిగారు. స్వాతంత్ర్యోద్యమం ఊపుమీదున్న వేళ తెల్లదొరలతో సఖ్యంగా ఉన్నారన్న నింద ఉండనే ఉంది, అది పూర్తిగా తోసేయదగ్గదీ కాదు. పానగల్ రాజా, ఏలూరు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, బరంపురం ఎ.పి. పాత్రో ముగ్గురూ మంత్రులయ్యేసరికి అంతా తెలుగోళ్లేనా అని తమిళ సభ్యులు గొణిగారు. 1923 ఎన్నికల తర్వాత వెంకటరెడ్డి నాయుడి స్థానంలో శివజ్ఞానం పిళ్లై వచ్చారు. చెట్టిగారు మాత్రం తెలుగు, తమిళం తేడా లేకుండా ఊరికి పెద్దగానే మిగిలారు. ఎప్పుడూ తెల్లబట్టలే కట్టే ఆయన్ను తమిళులు వెళ్లుడై వేందర్ అన్నారు, అంటే తెల్లబట్టల రాజు.

మాంబళం పెద్ద చెరువును పూడ్చి వేసిన కొత్త పేటకు ఆయన పేరే పెట్టారు. దాని నడుమ పార్కుకు పానగల్ రాజా పేరు. ఓల్డ్ వాషర్‌మన్‌పేటలో ఆయన పేరిట కాలేజీ ఉంది. రిపన్ బిల్డింగ్ ముందు విగ్రహం ఉంది.

పిల్లల టిఫిన్ ఖర్చును ప్రాథమిక విద్యా నిధి నుంచి పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అడ్డుచెప్పడంతో 1925 ఏప్రిల్ 1న ఆ వంట ఆగింది. అదే నెల 28న చెట్టిగారు కన్నుమూశారు.