భవాయి ఆటలోకి అడుగుపెట్టిన దీనా పాఠక్

హిందీ సినిమాలు చూసేవారికి దీనా పాఠక్ అనగానే రెండు ముఖాలు గుర్తొస్తాయి. ‘గోల్‌మాల్’ (1979)లో హీరో ఆడిన అబద్ధం బయటపడకుండా అతడి తల్లిగా నటిస్తూ నానా తంటాలు పడే కమల ఒకరు. మరుసటి ఏడాది ‘ఖూబ్‌సూరత్’లో ఇంటిల్లిపాదినీ క్రమశిక్షణతో హడలెత్తించే నిర్మలా గుప్తా మరొకరు. అప్పటికే ఆమె వయసు అరవైకి దగ్గరపడింది. సినిమాకు ఆమె అమ్మగా, బామ్మగానే తెలుసు. గుజరాతీ రంగస్థలానికి తెలిసిన దీనా వేరు.

1922 మార్చి 4న గుజరాత్‌లోని అమ్రేలీలో పుట్టారు. పుట్టింటి పేరు దీనా గాంధీ. తోబుట్టువులు శాంతా గాంధీ, తరలా మెహతా కూడా నాటకాల్లో పేరున్నవారే. బొంబాయిలో చదువుకుంటూ విద్యార్థి ఉద్యమంలో దిగినందుకు దీనాను కాలేజీ నుంచి పంపించేశారు. డిగ్రీ మరోచోట పూర్తిచేశారు. 1940ల్లో ఇప్టాలో చేరారు. తెలుగునాట ప్రజానాట్యమండలిగా జనంలోకి వెళ్లింది కూడా ఈ ఉద్యమమే.

స్వాతంత్ర్యం మాట ఊళ్లకు చేరాలంటే ఊళ్లకు తెలిసిన ఆటే కావాలి. గుజరాత్‌లో అది భవాయి. దాని పుట్టుక గురించి ఓ కథ చెబుతారు. ఓ సర్దారు చెరపట్టిన రైతుబిడ్డను విడిపించడానికి అసైత్ ఠాకర్ అనే బ్రాహ్మణుడు ఆమె తన కూతురేనన్నాడట. నమ్మించడానికి ఆమెతో కలిసి భోంచేశాడట. కులం వెలేస్తే ఆడి పాడి పొట్టపోసుకున్నాడట. ఆడపిల్లను కాపాడబోయి పుట్టిందని చెప్పుకునే ఈ ఆటలో ఆడవేషాలు మాత్రం మగవాళ్లవే! అలాంటి చోటికి దీనా వెళ్లారు.

ఆమెకు తిరుగులేని పేరు తెచ్చింది ‘మేనా గుర్జరి’. భవాయి బాణీలో రసిక్‌లాల్ పరీఖ్ రాసిన ఈ నాటకాన్ని 1950ల్లో అహ్మదాబాద్ నటమండల్ ఆడింది. తెర వెనక నిలిచి నడిపించింది జయశంకర్ ‘సుందరి’. ఆ బిరుదు ఆయనకు ఆడవేషంతో వచ్చిందే. ఆడవేషాల్లో తనను మించినవారు లేరనిపించుకున్న నటుడు, ఇప్పుడు నాయిక పాత్రలో ఓ స్త్రీని నిలబెట్టాడు. 1957లో రాష్ట్రపతి భవన్‌లో రాజేంద్ర ప్రసాద్ ఎదుట దీనా మేనాగా ఆడారు.

సినిమా ఆమెకు అంత తొందరగా అబ్బలేదు. 1948లో గుజరాతీ ‘కరియావర్’ చేశాక మళ్లీ తెర మీద కనిపించింది 1966లో, బాసు భట్టాచార్య ‘ఉస్కీ కహానీ’తోనే. భర్త బల్‌దేవ్ పాఠక్ గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర దర్జీ దుకాణం నడిపేవారు. దిలీప్ కుమార్, రాజేశ్ ఖన్నాలకు బట్టలు కుట్టింది ఆయనే. కూతుళ్లు రత్న, సుప్రియ కూడా నటులయ్యారు.

ఆమెలోని పాత ఇప్టా మనిషిని చూడాలంటే మాత్రం ‘గోల్‌మాల్’ చాలదు. దూరదర్శన్‌లో 1988లో వచ్చిన ‘తమస్’ చూడాలి. దేశ విభజన అల్లర్లలో కొట్టు వదిలేసి, భర్త వెంట చీకట్లో నడిచే ముసలి సిక్కు స్త్రీ బంతో ఆమె. భర్త హర్నామ్ సింగ్‌గా వేసింది మూల నవల రాసిన భీష్మ్ సాహ్నీ. ఆయనా ఇప్టా నుంచి వచ్చినవారే. ఇద్దరూ వెళ్లి ఓ ముస్లిం ఇంటి తలుపు తడతారు. లోపలి నుంచి వచ్చిన స్త్రీ (సురేఖా సిక్రీ) వెళ్లమనాలా, ఉండమనాలా అని తటపటాయిస్తుంది. బంతో నోరు విప్పి వేడుకునేది తక్కువ. భయం, సిగ్గు, అలసట ఆ ముఖంలోనే కనిపిస్తాయి. ఊరూరా తిరిగి గొంతెత్తి ఆడిన నటి ఇంత తగ్గించి నటించడం తేలిక కాదు.

నటనతో పాటు భారత జాతీయ మహిళా సమాఖ్య అధ్యక్షురాలిగానూ పనిచేశారు. 2002 అక్టోబర్ 11న ముంబైలో కన్నుమూశారు. చివరి సినిమా ‘పింజర్’ మరుసటి ఏడాది విడుదలైంది. అదీ విభజన కథే.