తేలికగా లేచిన పెట్టె మరుక్షణం కదల్లేదు

పల్లెకు గారడివాడు వచ్చి డోలు వాయిస్తే చేతిలో పని వదిలి పరుగెత్తని వాళ్లు తక్కువ. చెట్టు కింద గుడ్డ పరిచి చేసే అటువంటి విద్యను, టిక్కెట్టు పెట్టి హాలులో తెర లేపి ప్రదర్శించే మేజిక్ షోగా తీర్చిదిద్దిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి ఫ్రాన్సు దేశస్థుడు జీన్ యూజీన్ రాబర్ట్ హూడిన్. ఆధునిక ఇంద్రజాల పితామహుడని ఆయనకు పేరు. తన విద్యలో మంత్రాలేవీ లేవని, ఉన్నదంతా హస్తలాఘవమూ యంత్రాలేనని పుస్తకాలు రాసి మరీ చెప్పిన మనిషి. అటువంటివాణ్ణి ఒక ప్రభుత్వం పరాయి దేశం పంపి, అక్కడి జనాన్ని బెదరగొట్టే పనికి వాడుకోవడం ఆయన జీవితంలో ఒక విచిత్ర ఘట్టం.

ఆయన 1805 డిసెంబరులో లోయిర్ నది ఒడ్డున ఉన్న బ్లువా పట్టణంలో జన్మించాడు. తండ్రి గడియారాలు చేసేవాడు. కొడుకు తనలా చిమటాలు పట్టుకోకుండా పెద్ద ఉద్యోగం చెయ్యాలని దస్తావేజులు రాసే ఆఫీసులో గుమాస్తాగా పెట్టాడు. కుర్రవాడి మనసు కాగితాల మీద నిలవలేదు. చివరికి బంధువు గడియారాల షాపులోనే పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో గడియారాల పుస్తకం కొనబోతే షాపువాడు పొరపాటున కనికట్టు విద్యల పుస్తకం కట్టి ఇచ్చాడట. విప్పి చూసినవాడు తిరిగి ఇవ్వలేదు. ఇది ఆయన ఆత్మకథలోని మాట. ఆ ఆత్మకథలో ఉప్పూ కారం కాస్త ఎక్కువే కలిపాడని తర్వాత పరిశోధించినవారు తేల్చారు.

1830లో ప్యారిస్‌లోని ఒక గడియారాల వ్యాపారి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. మామగారి ఇంటిపేరు హూడిన్. దాన్ని తన పేరుకు తగిలించుకున్నాడు. 1843లో ఆమె చనిపోగా, పిల్లలతో మిగిలిన ఆయన మళ్లీ వివాహం చేసుకున్నాడు. దానంతటదే రాసి, బొమ్మలు గీసే ఒక యంత్రపు బొమ్మను తయారుచేసి 1844లో ప్యారిస్ ఎగ్జిబిషన్‌లో పెడితే ఫ్రాన్సు రాజు వచ్చి చూశాడు.

1845 జూలై 3న ప్యారిస్‌లో ఆయన సొంత థియేటర్ తెరిచాడు. చిన్న హాలు. అంతవరకు చాలామంది ఇంద్రజాలికులు పొడుగు అంగీలు వేసుకుని, స్టేజీ నిండా సామాను పేర్చి మాంత్రికుల్లా కనిపించేవారు. ఈయన పెద్దింటి విందుకు వెళ్లే మనిషిలా నల్లకోటుతో వచ్చి నిలబడ్డాడు. కుండీలోని నారింజ చెట్టు జనం చూస్తుండగానే పూత పూసి కాయలు కాసేది. ఆ కాయలు కోసి ప్రేక్షకులకే పంచేవాడు. చివరికాయ విచ్చుకుంటే, అంతకుముందు ప్రేక్షకుల దగ్గర తీసుకున్న చేతిరుమాలును రెండు సీతాకోకచిలుకలు పైకెత్తి పట్టుకునేవి. మన గారడివాడు టెంకె పాతి, గుడ్డ కప్పి మామిడి మొక్క తీసేది గుర్తుకు రాక మానదు.

1847లో ఆయన తన చిన్నకొడుకుని ఒక కర్రమీద మోచెయ్యి ఆనించి గాలిలో పడుకోబెట్టాడు. ఆపరేషన్లకు మత్తుమందుగా ఈథర్ అప్పుడే కొత్తగా వచ్చింది. ఆ ఈథర్ మహిమవల్లే పిల్లవాడు తేలుతున్నాడని జనానికి చెప్పేవాడు. ఇటువంటి విద్య అంతకుముందే మన మద్రాసులో ఉంది. 1830 ప్రాంతంలో అక్కడ శేషల్ అనే బ్రాహ్మణుడు ఒక దండం మీద చెయ్యి ఆనించి గాలిలో కూర్చునేవాడని 1832లో లండన్ పత్రిక ఒకటి బొమ్మతో సహా వేసింది.

ఇక ఆ విచిత్ర ఘట్టం. అల్జీరియాను అప్పటికే ఫ్రెంచివారు ఆక్రమించుకుని ఉన్నారు. అక్కడి మరబూత్‌లనే మతగురువుల మాటకు జనంలో విలువ ఎక్కువ. వారి ప్రోత్సాహంతోనే తిరుగుబాట్లు వస్తున్నాయని ప్రభుత్వం భయపడింది. ఫ్రెంచివాడి మహిమే గొప్పదని నమ్మిస్తే జనం అణిగి ఉంటారని లెక్కవేసి, అప్పటికే రిటైరై ఇంటిపట్టున ఉన్న హూడిన్‌ను పిలిపించింది. 1856 అక్టోబరు 28న అల్జీర్స్ నగర థియేటర్‌లో అరబ్బు పెద్దల ముందు ప్రదర్శన జరిగింది.

స్టేజీమీద ఒక చిన్న పెట్టె. బలిష్ఠుడైన ఒక అరబ్బు వచ్చి దాన్ని అవలీలగా ఎత్తి కింద పెట్టాడు. హూడిన్ అతని బలమంతా లాగేసుకుంటున్నట్టు చేతులు ఆడించాడు. మళ్లీ ఎత్తబోతే పెట్టె కదల్లేదు. కాళ్లు తన్నిపట్టి గుంజాడు, లాభం లేదు. అంతలో పిడిలోంచి షాక్ కొట్టింది. మనిషి కేకపెట్టి బయటికి పరుగెత్తాడు. కిటుకు చిన్నదే. పెట్టె అడుగున ఇనుము, స్టేజీ కింద తీగచుట్టిన అయస్కాంతం. కరెంటు పారితే పట్టుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. పంపుసెట్టు స్టార్టర్‌లో ఉండే కాయిల్ పని తెలిసిన రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఆనాడు అక్కడ కూర్చున్నవారిలో కరెంటంటే ఎరిగినవాడెవడు?

తర్వాత ఇవన్నీ నేర్చుకున్న విద్యలే తప్ప మహిమలు కావని దుబాసీల చేత ఆ పెద్దలకు చెప్పించారు. వారు ఆయనకు సన్మానపత్రం కూడా సమర్పించారు. అయితే బలం లాగేస్తానని మనిషిని అంతమందిలో పరుగెత్తించాక చెప్పే నిజం ఎంతవరకు నిజాయితీ? ఇంద్రజాలంతో అల్జీరియా శాంతించిందన్నదీ ఆయన చెప్పుకున్నదే. మరుసటి ఏడాది 1857లోనే కబీలియా కొండప్రాంతం మీదికి ఫ్రెంచి సైన్యం దండెత్తవలసి వచ్చింది. అక్కడ ఎదురునిలిచిన లల్లా ఫాత్మా అనే వీరవనితను ఆ జూలైలో పట్టుకున్నారు. అల్జీరియాకు స్వాతంత్య్రం వచ్చింది 1962లో.

తిరిగి వచ్చాక ఆయన తన ఇంట్లో ప్రయోగాలు చేసుకుంటూ గడిపాడు. వీధి గేటు దానంతటదే తెరుచుకునేది. గుర్రపుశాలలో పనివాడు దాణా అమ్ముకుంటున్నాడని గ్రహించి, గదిలోని గడియారానికి తీగ కలిపి, రోజుకు మూడుసార్లు వేళకు దాణా పడే ఏర్పాటు చేశాడు. శాలకు బయటి నుంచి తాళం వేస్తేనే దాణా పడుతుంది. ఇంకా కాజేసే దారి లేదు.

చివరి రోజులు దుఃఖంలో గడిచాయి. 1870లో జర్మనులతో వచ్చిన యుద్ధంలో సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న కొడుకు యూజీన్ గాయపడి మరణించాడు. శత్రుసేన తమ ప్రాంతానికి రాగా కుటుంబమంతా గుహలో తలదాచుకుంది. 1871 జూన్ 13న ఊపిరితిత్తుల జబ్బుతో హూడిన్ కన్నుమూశాడు.

ఆయన పేరు మీద అభిమానంతోనే తర్వాతి తరంలో హంగరీలో పుట్టిన ఒక కుర్రవాడు హుడినీ అని పేరు పెట్టుకుని ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. 1908లో అదే హుడినీ గురువుగా భావించినవాడి మీద నిందలు వేస్తూ పుస్తకం రాశాడు. హూడిన్ థియేటర్‌ను 1888లో జార్జి మేలియస్ కొన్నాడు. ఆయనే సినిమాల్లోకి దిగి కెమెరాతో మాయలు చేసి చూపాడు. మన పాతాళభైరవి, మాయాబజార్ చిత్రాల్లో జనం నోరు తెరిచి చూసిన ట్రిక్కులకు మూలపురుషుల్లో ఆయనొకడు.

బ్లువాలో కోటకు ఎదురుగా 1998లో ఇంద్రజాల మ్యూజియం తెరిచారు. అక్కడి భవనం కిటికీల్లోంచి ఆరు తలల డ్రాగన్ బయటికి వచ్చి తలలు ఆడిస్తుంది. అదీ యంత్రమే.