ఎన్ని కొలిస్తే చాలో లెక్క కట్టిన మహలనోబిస్

ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలు తీసుకున్నారనుకోండి. ఒకదాంట్లో కొత్త మేత, ఇంకోదాంట్లో పాతది. పట్టుబడి రోజు గుంటకు వెయ్యి రొయ్యలు తూకం వేశారు. మీ శాంపిల్ రెండు వేలా? కాదు, రెండే! మేత మార్చింది గుంటకు గానీ రొయ్యకు కాదు కదా. ప్రాజెక్టు వైవాల్లో చాలామంది తడబడేది ఇక్కడే. ఈ లెక్క ఒంటబట్టాలంటే ప్రశాంత చంద్ర మహలనోబిస్ గురించి తెలుసుకోండి.

1893 జూన్ 29న కలకత్తాలో పుట్టిన ఆయన కేంబ్రిడ్జిలో చదివింది ఫిజిక్స్. ఇంటికి వస్తూ ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటాలు వెంట తెచ్చుకున్నారు. ఓడలో మొదలైన ఆ చదువు ఇక వదల్లేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

అసలు పరీక్ష బెంగాల్ జనపనార సాగుతో వచ్చింది. ప్రతి మడీ కొలిస్తేనే నిజం తెలుస్తుందని నమ్మేవాళ్లు అప్పట్లో బలంగా ఉన్నారు. కొన్ని చోట్లే ఎంచి కొలిస్తే చాలని ఈయన పట్టు. అందుకే 1937లో చిన్న సర్వేతో మొదలుపెట్టి ఏటా పెంచుకుంటూ పోయారు. చిన్న సర్వేలో ఆయన చూసింది రెండే: చోటుకీ చోటుకీ తేడా ఎంత, ఒక్కోచోట కొలవడానికి ఖర్చెంత. ఆ రెండూ చేతికొస్తే, కావలసిన కచ్చితత్వానికి ఎన్ని చోట్లు చాలో కాగితం మీదే తేలిపోతుంది. పైగా ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలతో విడివిడిగా కొలిపించేవారు. లెక్కలు కలవకపోతే ఎక్కడో తేడా కొట్టినట్టే!

ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. మ్యాథ్స్ చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావుకు ఆ ఉద్యోగం రాలేదు. 1941 జనవరిలో ఆయన శిక్షణకు చేరింది మహలనోబిస్ సంస్థలోనే. తర్వాతి కథ మీకు తెలిసిందే.

1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే వెనకా మహలనోబిసే ఉన్నారు. 1972 జూన్ 28న, పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు. జూన్ 29ని 2007 నుంచి గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ రాసేవాళ్లకు జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు గుర్తుండే ఉంటుంది. ఈ సర్వేల్లో పనిచేసేది వాళ్లే.

ఇప్పుడు కాగితం బదులు జీ-పవర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండు గుంపుల సగటులు పోల్చడానికి తేడా 0.5, అంటే ప్రామాణిక విచలనంలో సగం, పొరపాటు అవకాశం 5 శాతం, పవర్ 80 శాతం అని ఇవ్వండి. గుంపుకు 64 కావాలంటుంది. అయితే ఆ 0.5 ఎక్కడిదని గైడ్ అడుగుతారు. పుస్తకంలో ఉందంటే కుదరదు. ముత్తుకూరు ఫిషరీ కాలేజీ విద్యార్థులైనా, మరెవరైనా ముందు కొన్ని గుంటల్లో దిగుబడి తేడాలు రాసుకోండి. ఆ అంకెలతో సాఫ్ట్‌వేర్ తెరవండి.