ముప్ఫై తొమ్మిదో ఏట సొంత గుమ్మం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే ఆ సామెత చెప్పేటప్పుడు ఆ ఇల్లు ఎవరిదీ అని మాత్రం ఎవరూ అడగరు. ఆడపిల్లకి ముందు పుట్టిల్లు, తర్వాత మెట్టినిల్లు. ఒకటి నాన్నది, రెండోది ఆయనది. గోడకి ఏ రంగు వేయాలి, బల్ల ఏ మూల వేయాలి అన్నది తనంతట తనే తేల్చుకోగల గుమ్మం చాలామందికి జీవితంలో రానే రాదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బియాట్రిక్స్ పాటర్ గుర్తొస్తుంది.

పేరు వినగానే తట్టకపోయినా, నీలం కోటు తొడుక్కుని పక్కవాళ్ల తోటలో కూరగాయలు కాజేసే పీటర్ రాబిట్ అనే కుందేలు పిల్లని మీ పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు. ఆ కథలు రాసి, బొమ్మలు కూడా తనే వేసిన ఇంగ్లీషు రచయిత్రి ఈమె. కథల సంగతి అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆమె పాత ఇల్లు కొనుక్కుని సర్దుకున్న తీరే ఎక్కువ నచ్చుతుంది.

పంజరం లాంటి పుట్టిల్లు

బియాట్రిక్స్ 1866 జూలై 28న లండన్‌లో, కెన్సింగ్టన్ అనే పేటలో పుట్టింది. తాతల నాటి నూలు వ్యాపారం డబ్బు దండిగా ఉంది. తండ్రి లా చదివాడు కానీ సంపాదించాల్సిన అవసరం లేదు. ఇంటినిండా నౌకర్లు, వంటవాళ్లు. ఆమెని బడికి పంపలేదు, టీచరమ్మలే ఇంటికొచ్చి చదువు చెప్పేవారు. తమ్ముడు బెర్‌ట్రమ్ పై చదువుకి బయటికి వెళ్లాక ఆమెకి తోడు కుందేళ్లు, ఎలుకలు, ముళ్లపందీ. వాటినే గంటల తరబడి చూస్తూ బొమ్మలు గీసేది.

1893లో, జబ్బుపడిన ఓ చిన్నపిల్లాడికి బొమ్మలతో ఉత్తరం రాసింది. అందులోని కుందేలు కథే తర్వాత పుస్తకమైంది. ప్రచురణకర్తలు వద్దంటే 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. మరుసటేడు ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ దాన్ని రంగుల్లో వేసింది. ఇక ఆమెకి వెనుతిరిగి చూసుకునే పని లేకపోయింది.

ఆ కంపెనీలో ఆమె పుస్తకాలు చూసింది నార్మన్ వార్న్. రెండు చిట్టెలుకలు బొమ్మరింట్లో దూరి భోజనం చేయబోయే కథ ఆమె రాస్తుంటే, చూసి గీసుకోడానికి ప్లాస్టర్‌తో చేసిన బుల్లి బుల్లి వంటకాలు కొని పంపించాడు. ఆ పుస్తకం 1904లో వచ్చింది. 1905 జూలైలో పెళ్లి చేసుకుందామని ఉత్తరం రాశాడు. ఆమె సరేనంది. వ్యాపారం చేసుకునేవాడు మన అంతస్తుకి తగడని తల్లిదండ్రులు అడ్డుపడ్డారు. అప్పటికి ఆమెకి 39 ఏళ్లు. అయినా ఆమె మాట దగ్గర గట్టిగా నిలబడి, ఉంగరం తొడుక్కుంది. సరిగ్గా నెల తిరగ్గానే, ఆగస్టు 25న నార్మన్ ల్యుకేమియాతో పోయాడు. తనకని ఒక ఇల్లు ఏర్పడుతుందన్న ఆశ కూడా అతనితోనే పోయిందనుకోవాలి.

ఎలుకలున్న ఇల్లు

ఆ ఏడాది చలికాలం రాకముందే ఆమె ఇల్లు కొనేసింది. ఇంగ్లండు ఉత్తరాన కొండలూ చెరువులూ ఉండే లేక్ డిస్ట్రిక్ట్‌లో, నియర్ సోరీ అనే పల్లెలో, హిల్ టాప్ అనే పొలమూ, ఇల్లూ. పొలం 34 ఎకరాలు. ఇల్లు పదిహేడో శతాబ్దం నాటిది. పుస్తకాల మీద వచ్చిన డబ్బుకి, చుట్టం ఒకావిడ వదిలిన కొద్దిపాటి సొమ్ము తోడైంది. నాన్న డబ్బు కాదు, మొగుడి డబ్బూ కాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

పాత ఇల్లంటే తెలుసుగా, బయటినుంచి ముచ్చటగా ఉంటుంది, లోపల అడుగుపెడితే వంద పనులు. ఇక్కడ అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఎలుకలు. పొలం చూసుకునే జాన్ కానన్ భార్యకి, పట్టపగలు వంటింటి బల్ల కింద కూర్చుని తాపీగా తింటున్న ఎలుక కనిపించిందట. బియాట్రిక్స్ బెదిరిపోలేదు. పిల్లుల్ని తెప్పించింది, తలుపుల అడుగున రేకులు కొట్టించింది, గోడల మొదట్లో సిమెంటు చేయించింది. తర్వాతే అలంకరణ మాట! పాత ఇంట్లో దిగేవాళ్లు నేర్చుకోవాల్సిన వరస ఇదే. ముందు కన్నాలు మూసుకోవాలి, ఆ తర్వాతే కర్టెన్లు.

కానన్ కుటుంబాన్ని వెళ్లగొట్టకుండా, వాళ్లకోసం పక్కన కొత్త భాగం కట్టించింది. దాని గోడ మీద తన పేరులోని పొడి అక్షరాలతో 1906 అని చెక్కించింది. పాత భాగం మాత్రం తనకి ఉంచుకుంది.

సర్దుకున్న తీరు

ఆమె తల్చుకుంటే లండన్‌నుంచి ఖరీదైన సామాను దిగేది. అలా చేయలేదు. చుట్టుపక్కల పల్లెల్లో పాత సామాన్లు వేలం వేస్తుంటే వెళ్లి, ఓక్ కర్రతో చేసిన బీరువాలు, కుర్చీలు ఏరుకుని తెచ్చుకుంది. ఆ ఇంటికి ఆ ఊరి సామానే నప్పుతుందని ఆమె నమ్మకం. గది గోడలకి పూల కాగితం అంటించింది. పందిరి మంచం చుట్టూ వేలాడే పాత ఆకుపచ్చ గుడ్డ మీద తన చేత్తో కుట్టుపని చేసింది. మేడ మీద ఓ గదిలో తమ్ముడు వేసిన పెద్ద పెద్ద వర్ణచిత్రాలు పెట్టింది. నార్మన్ కొనిచ్చిన ఆ ప్లాస్టర్ వంటకాలున్నాయే, అవి కూడా ఈ ఇంట్లోకే వచ్చాయి. కాపురం పెట్టలేకపోయిన ఇద్దరి వంటింటికి అవే గుర్తు. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా గుండెని తాకే వస్తువు అదే.

తోట పెంచుకుంటుంటే ఊళ్లో ఆడవాళ్లు తలా ఓ మొక్క తెచ్చి ఇచ్చారు. కూరగాయలు, పూలు కలిసిపోయి పెరిగాయి. ఇల్లు కథల్లోకి కూడా వచ్చేసింది. 1908లో వచ్చిన ఒక కథలో ఎలుకలు పిల్లికూనని పట్టుకుని, పిండిలో చుట్టి, అప్పడాల కర్రలాంటి కర్రతో ఒత్తి పుడ్డింగు చేసుకోబోతాయి. అందులోని మెట్లు, పొయ్యి, అలమార అన్నీ హిల్ టాప్‌వే. తలనొప్పి తెచ్చిన ఎలుకల మీదే డబ్బు సంపాదించిందన్నమాట!

ఇంతా చేసి, ఆ ఇంట్లో ఆమె ఉన్నది ఏడాదికి కొన్ని వారాలే. పెళ్లికాని కూతురు కనుక ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోడం ఆమె బాధ్యతే అన్నారు. మళ్లీ లండన్ వెళ్లిపోవాల్సిందే. ఇల్లు తనదే, రోజులు మాత్రం తనవి కావు. మనలో ఎంతమందికి ఈ బాధ తెలియదు చెప్పండి!

నలభై ఏడో ఏట పొయ్యి దగ్గర

పొలాలు కొనడంలో సాయపడిన ప్లీడరు విలియం హీలిస్ ఆమెని పెళ్లాడతానన్నాడు. మళ్లీ అదే పాట, పల్లెటూరి ప్లీడరు మనకి తగడని. ఈసారి తమ్ముడు నోరు విప్పాడు. తనకి పెళ్లయి పదకొండేళ్లయిందని, మీకు చెప్పలేదని బయటపెట్టేశాడు! 1913 అక్టోబరు 15న, 47 ఏళ్ల వయసులో బియాట్రిక్స్ పెళ్లి జరిగింది.

కాపురం హిల్ టాప్‌కి ఎదురుగా ఉన్న కాసిల్ కాటేజీలో పెట్టారు. పుట్టింట్లో వంటవాళ్ల చేతి భోజనం తిన్న మనిషి అక్కడ వంట నేర్చుకోడం మొదలుపెట్టింది. పెనం మీద పొగ లేచాకే మాంసం ముక్క పడాలన్నది ఆయనగారి పట్టింపు. నేర్చుకోడానికి నామోషీ పడలేదు, వయసు మీరిందనీ అనుకోలేదు.

మరి హిల్ టాప్? దాన్ని అద్దెకివ్వలేదు, అమ్మలేదు. రాసుకోడానికి, గీసుకోడానికి, తనకిష్టమైన వస్తువులు ఎక్కడివక్కడ పెట్టుకోడానికి అట్టే ఉంచుకుంది. పుట్టిల్లూ మెట్టినిల్లూ కాకుండా ఆమెకి మూడో ఇల్లు ఒకటి మిగిలింది.

తర్వాత ఆమె రాయడం తగ్గించి, గొర్రెలు పెంచుతూ, ఆ కొండప్రాంతం చెడిపోకుండా ఒక్కో పొలమే కొంటూ పోయింది. 1943 డిసెంబరు 22న కన్నుమూసేసరికి నాలుగు వేల ఎకరాలకి పైగా నేషనల్ ట్రస్టుకి రాసిచ్చింది. హిల్ టాప్‌లో గదులు తను ఉంచినట్టే ఉంచాలని కోరింది. 1946లో ఆ ఇంటిని జనం చూడ్డానికి తెరిచారు.

అందరం పొలాలు కొనలేం, ఇళ్లూ కొనలేం. కానీ అద్దెల్లయినా, అత్తగారిల్లయినా, మనం ఏరి తెచ్చుకున్న వస్తువు మనం పెట్టినచోటే ఉండే మూల ఒకటి ఉండాలి. కిటికీ పక్క ఓ అలమారైనా సరే. ఇంట్లో అందరికీ అది మీదని తెలిస్తే చాలు.